మాటల్లేని జట్టు

ఆమె చేతులు రెండూ తలపైన అడ్డంగా పడ్డాయి. ఆపమని గుర్తు.

విమానాన్ని గేటు నుంచి వెనక్కి నెడుతున్న టగ్గు బండి ఉన్నచోటే ఆగిపోయింది. దూరంగా నిలబడి చూస్తున్న మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. హెడ్‌సెట్ తగిలించుకుని, పైలట్‌తో మాట్లాడుతూ విమానం ముక్కు పక్కన నడిచేది భార్య. టగ్గు నడిపేది భర్త. ఇద్దరికీ కొన్నాళ్ళుగా మాటల్లేవు. అది తెలిసీ వాళ్ళను ఒకే విమానానికి వేసింది మేస్త్రే.

"చెప్పానా బావా, ఉప్పునీ నిప్పునీ ఒకే మూట కట్టొద్దని," అన్నాడు పక్కనున్న సామాన్ల జట్టు పెద్ద. "మొగుడి మీద కోపం విమానం మీద తీర్చుకుంటోంది."

"నోర్ముయ్."

"కబుర్లు చెప్పుకునేవాళ్ళను పక్కపక్కన వేస్తే పని చెడుతుందంటావు. మాటల్లేనివాళ్ళయితే చేతులే చూస్తారంటావు. చూడు మరి, చేతులు ఎలా చూపిస్తోందో."

మేస్త్రి అప్పటికే పరుగెత్తుతున్నాడు. ఊరికే ఆపిందంటే వాళ్ళిద్దరి కూడూ పోతుంది, వాళ్ళను కలిపి వేసినందుకు తన కూడూ పోతుంది. ఊరికే ఆపింది కాకపోతే? ఆ ఆలోచన ఇంకా భయంగా ఉంది.

"ఎందుకాపావమ్మా?"

ఆమె చేతులు దించలేదు. గడ్డంతో ఎడమ పక్కకు చూపించింది. "గుండు కనబడట్లేదు సార్."

ఎడమ రెక్క వెంట కర్రదీపం పట్టుకుని, ఏదీ తగలకుండా కాపలాగా నడిచేవాడు గుండు. అక్కడ దీపమూ లేదు, మనిషీ లేడు.

"కెప్టెన్ గారూ, బ్రేకు వేసి ఉంచండి. మా మనిషొకడు కనబడట్లేదు," అని మైకులో చెప్పిందామె. పైనుంచి జవాబు వచ్చాక పిడికిలి బిగించి పైకెత్తింది. బ్రేకు పడిందన్నమాట. అప్పుడు గానీ మేస్త్రి విమానం కిందికి దూరలేదు.

పెద్ద చక్రాల వెనకాల గుండు కూలబడి ఉన్నాడు. ఒక చేత్తో మడమ పట్టుకున్నాడు. రెండో చేతిలో ప్లాస్టిక్ కవరు. చక్రానికీ వాడి మోకాలికీ మధ్య మూరెడు కూడా లేదు.

"ఇక్కడికెందుకొచ్చావురా?"

"కవరు ఎగిరొచ్చింది సార్. నేల మీద చెత్త కనబడితే వదలొద్దు, ఇంజను మింగుతుందని మీరే కదా రోజూ... వంగాను, కాలు మడత పడింది. అరిచాను. పక్క గేటు విమానం హోరులో ఎవరికీ వినబడలేదు."

"నీ కవరు తగలెయ్య. నువ్వే చెత్తయిపోయుంటే నిన్నెవడు ఏరతాడురా?"

ఇద్దరు పట్టి వాణ్ణి ఇవతలికి లాగారు. అంత నొప్పిలోనూ వాడు, "ఈ కవరు ఎక్కడ వేయను సార్?" అన్నాడు.

"నా నెత్తిన వెయ్యి," అని మేస్త్రి వాడి గుండు నిమిరాడు.

గుండును బండెక్కించి ఆసుపత్రికి పంపాక, వాడి చోట ఇంకొకణ్ణి నిలబెట్టి, టగ్గు దగ్గరికి వెళ్ళాడు.

"ఆమె చెయ్యెత్తిందో లేదో ఆపేశావు. ఎందుకని అడగాలనిపించలేదా నీకు?"

"ముందు అడిగి తర్వాత ఆపితే, గుండు ఉండేవాడా సార్?"

"పోనీ, ఆపాకైనా అడిగావా?"

భర్త మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఆమెతో నాకు మాటల్లేవు."

విమానం మళ్ళీ కదిలింది. టగ్గు విడివడి పక్కకు తప్పుకుంది, కెప్టెన్ అద్దంలోంచి చెయ్యూపాడు, అంత పెద్ద విమానమూ తన దారిన తాను బుద్ధిగా వెళ్ళిపోయింది. ఒక ప్రాణం నిలబెట్టిన వాళ్ళ కాపురం ఇలా ఉండకూడదనుకున్నాడు మేస్త్రి. రెండు కప్పుల టీ పట్టుకుని, ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేద్దామని విశ్రాంతి గదికి బయల్దేరాడు.

తలుపు ఓరగా ఉంది. లోపల కిలకిలమని నవ్వులు.

"మెల్లగా నవ్వు," అంటోంది ఆమె. "మనం మాట్లాడుకుంటున్నామని మేస్త్రికి తెలిసిందంటే, రేపే నిన్ను పగటి డ్యూటీకీ నన్ను రాత్రి డ్యూటీకీ విసిరేస్తాడు. పెళ్ళయిన కొత్తలోలాగా మళ్ళీ ఒకరి మొహం ఒకరు ఫోటోలో చూసుకోవాలి."

మేస్త్రి అడుగు చప్పుడు కాకుండా వెనక్కి తిరిగాడు. ఒక కప్పు తెచ్చి జట్టు పెద్ద చేతిలో పెట్టాడు.

"ఏం బావా, కలిపావా?"

మేస్త్రి తీరిగ్గా ఒక గుక్క తాగాడు.

"ఎక్కడ, ఇంకా మాటల్లేవు పాపం. రేపు కూడా ఇద్దర్నీ ఒకే విమానానికి వెయ్యాలి."