మూడో ఏటి పువ్వు

"వచ్చే నెలలో పూసేది నాకొద్దు బాబూ. బాగా ఆలస్యంగా పూసేది చూపించు," అంది పెద్దావిడ.

నర్సరీ యజమాని తెల్లమొహం వేశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇలా అడిగిన మనిషి లేదు. వచ్చినవాళ్ళందరికీ మొక్క ఇంటికి చేరేలోపే పూసెయ్యాలి.

"పంతాలకు పోకమ్మా. ఆ పైనాపిల్ లిల్లీ తీసుకుందాం. ఈ సీజన్లోనే పూస్తుందట," అంది కూతురు.

ఆమె వచ్చినప్పటినుంచీ బోర్లించిన కుండీ మీద కూర్చునే ఉంది. ఎండకని తలకు చుట్టుకున్న స్కార్ఫు కూడా విప్పలేదు. ఎప్పుడు బయటపడదామా అని చూస్తోంది కాబోలనుకున్నాడు యజమాని. తల్లి మాత్రం ఊతకర్ర టకటకలాడిస్తూ, ఆయాసపడుతూనే వరసలన్నీ తిరిగేస్తోంది.

అతను ఇంకో కుండీ తేవడానికి వలపందిరి వెనక్కి వెళ్ళాడు. కూతురి గొంతు వినిపించింది.

"డాక్టరుగారు ఏమన్నారో మర్చిపోయావా? ముందు ఈ ఏడు గడవనివ్వండి అన్నారు."

"ఆయన పని ఆయన చూసుకుంటాడు. నా మొక్కలు నన్ను చూసుకోనీ."

అతనికి ఆ అమ్మాయి తొందర ఇప్పుడు అర్థమైంది. తల్లి కళ్ళారా ఒక్క పువ్వయినా చూడాలని కూతురి తాపత్రయం. అంతే, అతను కూతురి పక్షం చేరిపోయాడు.

"పెద్దమ్మగారూ, ఈ గబ్బిలం పువ్వు చూడండి. నల్లగా, ఇంతింత మీసాలతో ఉంటుంది. మొగ్గ కూడా వేసింది. ఏటేటా పూస్తుంది."

"మీసాలు మా ఆయనకీ ఉండేవి. చూసింది చాల్లే. ఆ పై అరలో ట్రే ఏమిటి?"

అతను నీళ్ళు నమిలాడు. "అదో రకం నీలం లిల్లీ. అసలు పేరు నాకే నోరు తిరగదు. పిల్ల దుంపలండీ, మూడేళ్ళకు గానీ పూయవు."

"అదే కావాలి."

"అవి అందరికీ ఇవ్వనండీ. ఏటా వానలకు ముందు తవ్వి, ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచి, మళ్ళీ నాటాలి. ఒక్క ఏడు ఏమరినా కుళ్ళిపోతాయి. తీసుకెళ్ళినవాళ్ళంతా అలాగే చంపుకున్నారు. అందుకే, చూసుకునే మనిషి నా ఎదుట మాటిస్తేనే ఇస్తాను."

"ఇదిగో, ఇది చూసుకుంటుంది," అని పెద్దావిడ కర్ర ఎత్తి కూతుర్ని చూపించింది.

కూతురి మొహం పాలిపోయింది. "నేనా? నేనెలా మాటిస్తానమ్మా?"

"నోటితో."

"వేళాకోళం కాదు. రేపు నావల్ల కాకపోతే?"

"కాకపోవడమేమిటే!" పెద్దావిడ గొంతు మొదటిసారి వణికింది. "తవ్వేది నువ్వే, నాటేది నువ్వే. ఈ మూడేళ్ళూ నువ్వే చెయ్యాలి. నిన్ను ఇంకేమీ అడగను."

యజమానికి ఎటు చూడాలో తోచలేదు. అక్కడే ఉన్న పైపు తీసుకుని, తడిసిన మొక్కల్నే మళ్ళీ తడిపాడు. ఇవ్వనంటే ఆ తల్లి మనసు నొచ్చుకుంటుంది, ఇస్తే పువ్వు చూడకుండానే వెళ్ళిపోతుందేమోనని అతని బెంగ.

కూతురు లేచి వచ్చి, వెల్లుల్లిపాయంత దుంపను అరచేతిలో పెట్టుకుని చూసింది.

"సరేనమ్మా. తవ్వుతాను."

"అలాక్కాదు. ఏటా అను."

"ఏటా తవ్వుతాను."

పెద్దావిడ గబగబా కళ్ళు తుడుచుకుంది. యజమాని దుంపల్ని కాగితంలో పొట్లం కట్టాడు. ఊరుకోలేక, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"దిగులు పెట్టుకోకండి పెద్దమ్మగారూ. జబ్బన్నాక వస్తుంది, పోతుంది. మూడో ఏడు ఆ పువ్వు మీరు చూసి తీరతారు."

ఆమె పొట్లాన్ని గుండెకు అదుముకుని, కారు వైపు మెల్లగా నడుస్తున్న కూతుర్ని చూసింది.

"జబ్బు నాకు కాదు బాబూ."