పెద్ద లీడర్

ఇరవయ్యో శతాబ్దంల అందరికంటే పెద్ద లీడర్ ఎవరు? ఎలక్షన్ రోజు పొద్దుగాల్నే కిషన్‌బాగ్‌ల మా అరుగు మీద మా మామ డానియేలు, పక్కింటి దుర్గయ్య గీ లొల్లి పెట్టుకున్నరు. నేను చాయ్ పోస్తున్న.

"గాంధీ!" అన్నడు దుర్గయ్య. "ఆయన లేకుంటే స్వరాజ్యం యాడిది?"

"అంబేద్కర్!" మామ అరుగు మీద గుద్దిండు. "పత్తర్‌గట్టి ముత్యాల సేటుకు ఒక్కటే ఓటు, నాకు ఒక్కటే ఓటు, నా కోడలికీ ఒక్కటే ఓటు. గట్ల ఇంకెవరు రాసిచ్చిండ్రు?"

దుర్గయ్య తల ఊపి చాయ్ గ్లాసు అందుకున్నడు. మామ గెలిచినట్టే లేశి చెప్పులేసుకున్నడు.

"రూపా, నడువు, బూత్‌కు పోదాం. రాత్రి చెప్పిన గుర్తు యాదుంది గదా?"

మా ఇంట్ల ప్రతి ఎలక్షన్‌కు గంతే. మామ గుర్తు చెప్తడు, మేమంతా ఆయన ఎనక పోయి దాని మీదనే ఒత్తొస్తం.

కొంగు కిందికెల్లి ఎడమ చెయ్యి తీసి చూపించిన. ఏలి మీద సిరా ఇంకా మెరుస్తున్నది.

"పాలకు పోయినప్పుడే ఏసొచ్చిన మామా."

"ఎవరికేసినవ్?"

"చెప్ప."

"ఇంటి పెద్దను, అడుగుతున్న!"

చాయ్ గ్లాసు ఆయన చేతిల పెట్టిన.

"మీ లొల్లిల నువ్వే గెలిచినవ్ మామా. నీ లీడరే పెద్దోడు. గందుకే చెప్ప."