మనిషికి మూడు మొక్కలు

వాల్బుర్గా మీద పోలీసులకు ఫిర్యాదు చేసింది ఎగోనే. పేరు చెప్పకుండా, గొంతు మార్చి మరీ చేశాడు. ఆవిడంటే పగ ఉండి కాదు, ఆరేళ్లుగా ప్రేమ ఉండి. అది నోరు విప్పి చెప్పే ధైర్యం లేకే ఈ పథకం.

జర్మనీ సరిహద్దు ఊరు ఆఖెన్‌లో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. ఎగోన్ కస్టమ్స్‌లో పనిచేసి రిటైరయ్యాడు. భర్త పోయాక వాల్బుర్గా ఒక్కతే ఉంటోంది. మోకాళ్ల నొప్పులకని బాల్కనీలో గంజాయి పెంచుతోంది. చట్టం మనిషికి మూడు మొక్కలంది. ఆవిడ కుండీలు ఆరు.

"బస్సెక్కి హాలెండ్ వెళ్తే ఐదు మొక్కలదాకా చూసీ చూడనట్టు ఊరుకుంటారు. లక్సెంబర్గ్‌లో ఇంటికి నాలుగు. ఇక్కడ మూడేనా? మొక్కకేం తెలుసండీ సరిహద్దు?" అనేది ప్రతి ఆదివారం, ఎగోన్‌కు ప్లమ్ కేకు కోసి పెడుతూ.

"మొక్కకు తెలీకపోయినా పోలీసులకు తెలుసు. మూడు పీకెయ్యండి."

"ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల పెట్టెలన్నీ తెరిపించారు. ఇంకా బుద్ధి పోలేదు మీకు!"

మంగళవారం ఓ పోలీసమ్మాయి వచ్చి వాల్బుర్గా ఇంటి గంట కొట్టింది. అది చూసి ఎగోన్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే రోడ్డు దాటాడు.

"ఆరున్నాయే. మిగతా మూడూ ఎవరివమ్మా?" అంటోంది పోలీసమ్మాయి.

వాల్బుర్గా గుమ్మం వైపు చూసింది.

"నావి!" గుమ్మంలో రొప్పుతూ అన్నాడు ఎగోన్. "నేనూ ఇక్కడే ఉంటున్నాను."

"ఈ చిరునామాలో మీ పేరు లేదే?"

"నిన్ననే మారాను. నమోదుకు రెండు వారాల గడువుందిగా!"

పోలీసమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. "నిజమేనా?"

ఆవిడ కాదంటే మొక్కలే కాదు, ఆదివారాలు కూడా పోతాయి.

"నిజమే," అంది వాల్బుర్గా తాపీగా. "గురక ఒక్కటే భరించలేకపోతున్నాను."

ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పథకం పారిందని ఎగోన్ లోలోపలే మురిసిపోయాడు. పోలీసమ్మాయి పుస్తకం మూసి, మెట్ల దగ్గర ఆగింది.

"గొంతు బాగానే మార్చారు సార్. కానీ మీకంటే రెండు రోజుల ముందే, ఈ ఇంటి ఫోన్ నుంచే, ఒకావిడ ఇదే ఫిర్యాదు చేసింది. 'మంగళవారం పదింటికి రండి, ఎదురింటాయన కిటికీ దగ్గరే ఉంటాడు' అని కూడా చెప్పింది."