గుంపులో ఒక పేరు

"ఆ తాతగారిని మైకుకి కాస్త దూరంగా నిలబెట్టండి."

గాజు అద్దం ఇవతల నుంచి హరిణి చెప్పింది.

ఫిలింనగర్‌లో అదొక చిన్న డబ్బింగ్ థియేటర్. లోపల పన్నెండు మంది ఒకే మైకు చుట్టూ నిలబడి ఉన్నారు. తెర మీద అమ్మవారి తిరునాళ్ల సీను. అందులో జనం చేసే గోల వీళ్లు చెయ్యాలి. ఎవరికీ డైలాగు ఉండదు. నోటికొచ్చింది మాట్లాడొచ్చు. ఏ మాటా విడిగా వినపడకూడదు, అంతే.

తాత మాట ఒక్కటే విడిగా వినపడుతోంది.

ఆయన పేరు ఆనందకుమార్. ఎనభైకి దగ్గరపడ్డాడు. యూసుఫ్‌గూడలో బస్సెక్కి, దిగాక ఎత్తు మీదికి నడిచొస్తాడు. రాగానే పది నిమిషాలు మెట్ల మీద కూర్చుంటే గానీ ఊపిరి కుదుటపడదు.

టేకు మొదలైంది.

"కెజియా! గువ్వలంక కెజియా! ఇటు రామ్మా, నేనిక్కడున్నాను!"

హరిణి ఆపేసింది.

తాత పక్కన నిలబడ్డ మనోజ పకపకా నవ్వింది. "ఏంది తాతా! అమ్మవారి తిరునాళ్లల్ల చర్చి పిల్ల కెజియా యాడికెల్లి వచ్చింది?"

"తిరునాళ్లకి అందరూ వస్తారమ్మా."

"అయితే జర జీళ్లు గిట్ల కొనియ్యరాదు పిల్లకు!"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు.

హరిణికి నవ్వు రాలేదు. ఆమె ఇక్కడ సౌండ్ ఇంజినీరుగా చేరి రెండు నెలలే అయింది. గుంపులో ఒక్క పేరు వినపడినా ఊరుకోనని డైరెక్టర్ పొద్దున్నే చెప్పి వెళ్లాడు.

తాత అద్దం దగ్గరికి వచ్చాడు.

"పాత ఇంజినీరుగారు వదిలేసేవారమ్మా. సినిమాకి ఒక్క పేరు. మా ఊరి పేరు, ఒక మనిషి పేరు. మావాళ్లు హాల్లో కూర్చుని వింటారు."

"ఆయన రిటైరయ్యారండీ. ఇప్పుడు నాకు మాటొస్తుంది."

"ఈ ఒక్కటీ ఉంచు తల్లీ. మిగతా పేర్లన్నీ అయిపోయాయి. ఇదే ఆఖరుది."

"సరే, చూద్దాం లెండి," అంది హరిణి. "ఇంకో టేకు కూడా చేద్దాం. అందులో మాత్రం మీరు వెనక నిలబడండి."

ఆ మాటకే ఆయన రెండు చేతులూ జోడించాడు.

అందరూ వెళ్లిపోయాక హరిణి మొదటి టేకు మరోసారి విన్నది. గుంపులోంచి కెజియా అన్న పిలుపు పైకి తేలి స్పష్టంగా వినపడుతోంది.

చెరిపేసింది.

సినిమా విడుదలైన మూడో రోజు వాచ్‌మన్ గబగబా పైకొచ్చాడు.

"మేడం, కింద జనం. మీ కోసమేనంట."

మెట్ల నిండా మనుషులు. ముప్పై మందికి పైనే ఉంటారు. నెరిసిన జుట్టు ఆడవాళ్లు, ఖాకీ చొక్కా ఆటో డ్రైవరు, కాలేజీ బ్యాగులతో అమ్మాయిలు, చంకలో ఒక పసిబిడ్డ.

"ఆనందకుమార్ గారి మనుషులమండీ," అంది ముందు నిలబడ్డ పెద్దావిడ. "నా పేరు మార్తమ్మ. నాన్న ప్రభువు దగ్గరికి వెళ్లి ఇరవై రోజులైంది."

"అయ్యో," అంది హరిణి.

"సినిమా రెండుసార్లు చూశాం. నాన్న గొంతు వినపడలేదు. పిల్లల అల్లరిలో మేమే వదిలేశామేమో. ఎక్కడుందో చెబితే మళ్లీ వెళ్తాం. అద్దం వెనక అమ్మాయి మంచిది, ఉంచుతుంది అని చెప్పాడు."



"ఎవరిని పిలిచిందీ ముందు చెప్పేవాడు కాదండీ," అన్నాడు ఆటో డ్రైవరు. "నేను ప్రేమ్ చంద్. రెండేళ్ల కింద నా పేరొచ్చింది. పేరొచ్చినవాళ్లు అందరికీ ఐస్‌క్రీములు కొనిపెట్టాలి. అదీ రూలు."

"ఆడవాళ్లకి ఎగ్గొట్టాడండీ!" వెనక నుంచి ఎవరో అరిచారు. మెట్ల మీద నవ్వులు.

"మీరంతా ఆయన పిల్లలా?"

"పిల్లలం, మనవలం. ఆయన చేతుల్లో పెరిగాం," అంది మార్తమ్మ. "ఇంతకీ ఈసారి ఎవరి పేరమ్మా?"



"కెజియా."

నవ్వులు ఆగిపోయాయి. మార్తమ్మ ఉన్నచోటే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"పిలిచాడా? నిజంగా పిలిచాడా?"

"పిలిచారండీ. నేనే... చెరిపేశాను. ఇక దొరకదు."

మార్తమ్మ తలెత్తి అడిగింది.

"ఎలా పిలిచాడమ్మా?"

"ఇటు రామ్మా, నేనిక్కడున్నాను అని."

మార్తమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అచ్చం అలాగే పిలిచాడు మమ్మల్ని కూడా. గువ్వలంక మీదికి ఉప్పెన వచ్చిన రోజు. మేం చిన్నపిల్లలం. నీళ్లలో ఏదీ కనపడలేదు. పడవలో నిలబడి, వాడలో మొదటి ఇంటి నుంచి వరసగా, పేరు పేరునా పిలిచాడు. ఆ గొంతు పట్టుకుని పదకొండు మంది పిల్లలం పడవ చేరాం. మా అమ్మానాన్నలు దక్కలేదు. ఊరూ మిగల్లేదు. మా అందర్నీ వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి పెంచాడు."

"మరి కెజియా?"

"పదకొండో పేరు పిలిచేసరికి తాడు తెగి పడవ కొట్టుకుపోయిందమ్మా."

మార్తమ్మ గోడ పట్టుకుని లేచింది.

"కెజియా ఆయన కన్న కూతురు. వాళ్లిల్లు వరసలో చివరిది."