తెడ్డు కొలత

ప్రణీత్ మిరపకాయ బజ్జీ తిన్న చేత్తోనే తెడ్డు పట్టుకున్నాడు. పిడి మీద నూనె వేళ్ళ గుర్తులు పడ్డాయి.

"చేతులు తుడుచుకోరా," అంది అరుణజ్యోతి పళ్ళ బిగువున.

తమ్ముడు విన్నాననిపించడానికి చేతిని ఓసారి ప్యాంటుకు రాసి, రెండో తెడ్డు అందుకున్నాడు. నాయన గంగాధరప్ప మాత్రం వెనక్కి తిరిగి ఆమె మీద కళ్ళెర్ర చేశాడు. కణేకల్‌లో బస్సెక్కేటప్పుడే ఆయన షరతు పెట్టాడు. వస్తే రా, అంగట్లో మాత్రం నోరు తెరవద్దు. సరేనని వచ్చింది. ఇప్పుడు గోడవారగా అట్టపెట్టె మీద కూర్చుంటే, అలా ఒప్పుకున్నందుకు తన మీద తనకే రోత పుడుతోంది.

అనంతపురంలో ఆటసామాన్లు అమ్మే ఆ అంగడి ఓబులేసుది. బ్యాట్లు, బంతులు అమ్ముకునే మనిషి. కయాక్ అనే సన్నటి పోటీ పడవకు తెడ్డు కావాలని గంగాధరప్ప ఫోన్ చేస్తే బెంగుళూరు నుంచి మూడు రకాలు తెప్పించి పెట్టాడు.

"మన జిల్లాలో ఇది ఏసేదానికి నీళ్ళు యాడుండాయన్నా?" అన్నాడు నవ్వుతూ.

"మా చెరువుకు కాలవ నీళ్ళొస్తాయి కదప్పా. మూడేండ్లుగా ఆడనే ప్రాక్టీసు."

"ఎవరికి? ఈ తమ్మునికేనా?"

గంగాధరప్ప గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లోకేలేప్పా. మంచిది చూపించు."

ఊళ్ళో ఆయనది పెద్ద చెయ్యి. పొలం ఉంది, పలుకుబడి ఉంది. అవి ఎంత ఉన్నా, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయంతోనే ఆయనకు పొద్దు గడుస్తుంది.

ఆదివారం రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు. మొదటి ఇద్దరికే చోటు. పోయినేడు అరువు తెచ్చిన బరువు తెడ్డుతో దిగితే, సగం దూరంలోనే భుజం పట్టేసి పడవ నాలుగో స్థానానికి జారింది. నెల రోజులు కాపడం పెడితే గానీ చెయ్యి పైకి లేవలేదు. ఈసారి కూడా చోటు దక్కకపోతే ఇక చెరువు వైపు పోయే పనే లేదని నాయన తేల్చి చెప్పేశాడు. అంటే అంతా ఇప్పుడు కొనబోయే తెడ్డు మీదే ఉంది.

ఆ సంగతి ప్రణీత్‌కు పట్టినట్టే లేదు. వాడు తెడ్డును భుజాన వేసుకుని ఫోన్‌లో ఫొటో తీసుకుంటున్నాడు. మూతి ఒకవైపు వంచి మరీ.

గంగాధరప్ప వరస ఇంకా ఘోరం. పారకు కర్ర కామ కొనేవాడిలా తెడ్డును నేలకేసి రెండుసార్లు కొట్టాడు. మోకాలికి అడ్డం పెట్టి వంచి చూశాడు. తర్వాత మెట్ల మీదికి వంగి వక్కాకు ఉమ్మి, మూతి తుడుచుకున్న చేత్తోనే అన్నిటికన్నా తేలికైనదాన్ని పక్కకు నెట్టాడు. అరుణజ్యోతి ముఖం తిప్పుకుంది.

"ఇది పుల్ల మాదిరుండాదే. నీళ్ళల్లో ఇరిగితే?" అన్నాడు గంగాధరప్ప.

"తేలిగ్గుంటేనే మేలన్నా," అన్నాడు ఓబులేసు. "పోటీలో ఎన్ని వందలసార్లు చెయ్యి లేపల్ల! తెడ్డు బరువు రవ్వంత తగ్గినా భుజానికి సుఖమే."

"బరువుంటేనే గట్టిగుంటాది. ఆ మాత్రం మాకు తెలీదా?"

ఎలా తెలుస్తుంది? అరుణజ్యోతికి ఒళ్ళు మండింది. ఈ మూడేళ్ళలో ఆయన చెరువు గట్టుకు వచ్చింది ఒకే ఒక్క రోజు. ఆ రోజు కూడా బండి దిగలేదు.

"సరే, ముందు కొలత చూద్దాం," అన్నాడు ఓబులేసు. " తమ్ముడూ, నిటారుగా నిలబడి చెయ్యి పైకెత్తు."

ప్రణీత్ ఆరడుగుల మనిషి. చెయ్యెత్తితే చొక్కా చంకలో చెమట పట్టిన మరక పెద్ద పళ్ళెమంత కనబడింది. ఓబులేసు అన్నిటికన్నా పొడుగు తెడ్డును వాడి పక్కన నిలబెట్టి, వేళ్ళను దాని పై అంచు మీద మడిచి పెట్టించాడు.

"అచ్చం సరిపోయింది. పొడుగుది, పిడి కూడా లావు. ఇదే తీసుకోండన్నా."

"అదే కట్టప్పా."

అరుణజ్యోతి లేవబోయింది. నాయన ఆమె వైపు చూడనైనా చూడకుండా, కూర్చోమని చెయ్యి ఊపాడు. కుక్కను అదిలించినట్టు. ప్రణీత్ చిన్నగా నవ్వాడు. ఆమె మళ్ళీ పెట్టె మీద కూర్చుంది.

ఓబులేసు కాగితం చుట్టబోయి ఆగాడు. "ఒక్కసారి అరచేతులు చూపించప్పా. కాయలు యాడ కాసినాయో చూస్తే ఈ పిడి నప్పుతాదో లేదో చెప్పేస్తా."

ప్రణీత్ చేతులు జేబుల్లోకి పోయాయి.

"సిగ్గెందుకప్పా?" ఓబులేసు మణికట్టు పట్టి లాగాడు. అరచేతిని వెలుగుకు తిప్పి, బొటనవేలితో అటూ ఇటూ రుద్ది చూశాడు. అతని ముఖం మారిపోయింది.

"ఏమన్నా ఇది? మూడేండ్లు తెడ్డేసిన చెయ్యేనా? బిందె నీళ్ళు కూడా మోసినట్టు లేదే!"

గంగాధరప్ప వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ప్రణీత్ బూట్ల వైపు చూసుకున్నాడు. నాయన ఇప్పుడైనా నిజం చెబుతాడేమోనని అరుణజ్యోతి చూసింది. ఆయన జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు, అంతే. ఇన్నాళ్ళూ భయపడింది ఈ మనిషికా అనిపించింది ఆమెకు.

అరుణజ్యోతి లేచి వచ్చి, మూడేళ్ళుగా కణేకల్ చెరువులో తెడ్డేసి కాయలు కాసిన తన రెండు అరచేతులనూ ఓబులేసు ముందు వెల్లకిలా పెట్టింది.