దువ్వెన రెక్కల ఓడ

"గీ దువ్వెన నా పెండ్లానిది!"

మల్లేశం అరుపుకి గౌరయ్య వాకిట్లో ఉన్న ఇరవైమందీ బల్ల దగ్గరికి జరిగారు.

బల్ల మీద ఆయన మూడు నెలలుగా కడుతున్న అంతరిక్ష నౌక ఉంది. షాంపూ డబ్బాల ఒళ్లు, దువ్వెనల రెక్కలు, చొక్కా గుండీల కిటికీలు. సర్పంచి ఇంట్లో టీవీలో చూసి మోజుపడ్డ పెద్దాయన, పెంటకుప్పల మీద ఏరుకొచ్చి మరీ అతికించాడు. మల్లేశం భార్య పద్మమ్మ చూస్తే మూడు రోజులుగా మాట పడిపోయి మంచంలో ఉంది. ఇంకేముంది, ఇది భానామతే, ఎవరో చేతబడి చేశారు అంది ఊరంతా.

"పెంట మీద దొరికింది బిడ్డా," అంది గౌరయ్య భార్య వజ్రమ్మ. శామీర్‌పేట పోలీసులకు కబురు పెడదామన్నా బస్సు నాలుగింటికి గానీ రాదు.

గౌరయ్య మాత్రం నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. సిగ్గుపడడానికి వేళాపాళా ఉండొద్దూ మనిషికి!

"సూడుర్రి, లోపల్లోపల మంత్రం జదువుతున్నడు," అన్నాడు మల్లేశం తమ్ముడు బాలేష్. నౌక మీదికి వంగి చూసి, ఒక్క గెంతున వెనక్కి వచ్చాడు. "అన్నా! దీని మూతికి మనిషి పండ్లున్నయే!"

మల్లేశం బల్ల మీది కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. ప్లాస్టిక్ కత్తిరించడానికి గౌరయ్య కొనుక్కున్నదే అది.

"పట్టుకోర్రి. పండ్లు పీకితె ఇగ మంత్రం పల్కదు."

నలుగురు గౌరయ్య చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. వజ్రమ్మ ఒక్క ఉరుకున అడ్డం పడి, తువ్వాలు లాగేసి, మొగుడి నోరు రెండు చేతులా తెరిచింది.

"సూడుర్రి! ఒక్క పన్నన్న ఉన్నదా? గవి ఆయన కట్టుడు పండ్లే. నిన్న ఇరిగినయని గా ఓడకు అతికిచ్చిండు. బోసినోటి మనిషి మంత్రం ఎట్ల జదువుతడు బిడ్డా?"

మల్లేశం వేలు పెట్టి చిగుళ్లు తడిమాడు. ప్లేయర్ కిందికి దించాడు. గౌరయ్యను పట్టుకున్న చేతులు వదిలాయి. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయి, వజ్రమ్మ ఏడుస్తూనే నవ్వింది.

"నిజమే, పండ్లు లేనోడు జదవలేడు," అన్నాడు బాలేష్ నెమ్మదిగా. "మరి గీ ఇంట్ల ఎవలు జదివిన్రు?"

అందరూ వజ్రమ్మ నవ్వునే చూస్తున్నారు. అరవై ఏళ్లొచ్చినా ఆమెకు ఒక్క పన్నూ ఊడలేదు.