బుధవారం సున్నా

"పాత ప్రోగ్రామే ఉంచుండ్రి సారూ. పదేండ్ల లెక్కల బుధారం నాడు చుక్క వాన లేదు. గది చూసే, గియ్యాల బుధారమని పసుపు ఆరవోసిన," అన్నాను వాన లెక్కల ఆఫీసులో.

కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యాసాగర్‌రావు నవ్వాడు. "గా సున్నాలన్నీ కొత్తదాంట్ల తీసేసిన, సేటూ. ఎందుకో హనుమండ్లునే అడుగుండ్రి."

రోజూ వాన కొలిచే హనుమండ్లు తల గోక్కున్నాడు. "బుధారం మా ఊరి అంగడి. నేను పోతుంటి, గిప్పుడు గూడ గాడికే. గడి ఖాళీగుంటే పాతది ముందుకు జరగకపోతుండె. సున్నా కొట్టి, గా వాన గురువారంల కలుపుతుంటి."

"మరి కొత్తది?" అడిగాను.

"గా రోజు కొలత చూడలేదని రాసినా ఒప్పుకుంటది," అన్నాడు విద్యాసాగర్‌రావు.

బయట ఉరిమింది.

"కొత్తదే పెట్టుండ్రి," అంటూ చెప్పులు వదిలేసి పసుపు దగ్గరికి ఉరికాను.